గోడ మధ్య నుయ్యి

లాకప్పు ఊచల్లోంచి కొండబాబు రెండు చేతులూ బయటికి చాపాడు. అరచేతులు మణికట్ల దాకా ముదురు గోధుమరంగులో ఉన్నాయి.

“నెత్తురు కాదు గదా?” అన్నాను.

“నెత్తురు నిన్ననే కడిగించినారు బాబూ. ఇది తుమ్మసెక్క కసాయం. నూలువలలు కుళ్ళిపోకండా పట్టిస్తాం. ఒకపాలి అంటిందంటే వారం దాకా వొదల్దు.”

“కాళ్ళో?”

కాలెత్తి చూపించాడు. అరికాలు కూడా అదే రంగు.

ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ముందురోజు ఉదయం వాళ్ళ ఇంటి పెరట్లో, నూతి పక్కన, తనఖా బ్యాంకు మదింపు ఆఫీసరు నరసింగరావు తల పగిలి పడిపోయాడు. జనం వెళ్ళేసరికి ఆయన తల కొండబాబు ఒళ్ళో ఉంది. నరసింగరావు ఇప్పుడు ఆస్పత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆయన కళ్ళు తెరవకుండానే పోతే ఈ కుర్రాడి మీద ఖూనీ కేసు. తెరిచి నిజం చెబితే వీడు ఇంటికి వెళ్తాడు. నా చేతిలో ఉన్న కేసు అంతే.

“మొదట్నించీ చెప్పు.”

“అయ్య సేపల బేరానికి కళింగపట్నం ఎల్లినాడు. అమ్మ ఈది అరుగు మీద కూకుంది. వాన కదా, వలలు ఇంట్లో ఆలులో ఏలాడగట్టి కసాయం పట్టిస్తన్నాను. నేలంతా కసాయమే. పెరట్లో దబ్బుమని సప్పుడైంది. ఎల్లి సూద్దును గదా, ఆ బాబు పడున్నాడు. ఎత్తినాను. అంతలోకి గోడ మీంచి జగన్నాదం బాబు తల కనబడింది. ‘సంపేసినాడ్రోయ్’ అని కేకేసినాడు. నాను కొట్నేదు బాబూ.”

“ఆయన మీ ఇంట్లోకి రావడం చూశావా?”

“నేదు. ఈది గుమ్మంలో అమ్మ, ఆలులో నాను. ఎలగొచ్చినాడో గంగమ్మతల్లికే ఎరిక.”

కాపలా కానిస్టేబులు మా మాటలు విననట్టు అటు తిరిగి నిలబడ్డాడు. కుర్రాడి భుజాల మీద ఉన్న దుప్పటి పోలీసు ఇచ్చేదిలా లేదు. అంచున ఇంటి కుట్టు ఉంది. ఆ కానిస్టేబులు మొహంలోకి ఓసారి చూశాను. ఆయన చూపు తిప్పుకున్నాడు.

“ఏటండీ డిటెక్టివ్ సన్యాసిరావుగారూ, ఇజీనారంలో బేరాల్లేవా?”

వెనకనించి సబ్ ఇన్స్పెక్టర్ అప్పలసూరి వచ్చాడు. టోపీ చంకలో ఉంది. నన్ను చూసినప్పుడల్లా ఆ మనిషికి పంటి కింద రాయి తగిలినట్టు ఉంటుంది.

“ఈ కుర్రాడి తండ్రి సూరయ్య నన్ను పెట్టుకున్నది వాళ్ళ ఇంటి మదింపు సంగతి చూడమని. ఆ పని నాకింకా పూర్తి కాలేదు” అన్నాను.

“పూర్తైపోనాది. ఆఫీసరు తక్కువ రేటు కట్టినాడు, కుర్రోడికి కోపం వచ్చినాది, బొక్కెనతో బాదినాడు. గోడకి అవతల పెద్దమనిషి నూతిలో నీళ్ళు తోడుకుంటా కళ్ళారా సూసినాడు. ఆ పెద్దమనిషి ఎవరండీ? మీ జగన్నాధంగారే. కాలేజీలో మీ పక్క బెంచీ. మీ స్నేహితుడి మాట మీకే నమ్మకం లేపోతే మరి నేనేటి సెయ్యను?”

ఆ సంగతే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వనిది.

జగన్నాధం అబద్ధమాడడు. నా భార్య తాయారు పోయిన రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళందరూ నాకు వేదాంతం చెప్పారు. జగన్నాధం ఒక్కడే ఏమీ మాట్లాడకుండా పొద్దున్నే గ్లాసుడు మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టి, తాగేదాకా పక్కన కూర్చుని, ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్ళేవాడు. పన్నెండు రోజులూ అలాగే. ఆ మనిషి చూశానంటే చూసినట్టే. అలాగని ఈ కుర్రాడి మొహం చూస్తే కొట్టినవాడిలా లేడు. ఒకడికి కంటిపొరపాటు జరిగి ఉండాలి అనుకున్నాను. అంతకంటే ముందుకి నా ఆలోచన పోలేదు. పోనివ్వలేదు.

“నరసింగరావుగారి బూట్లు ఎక్కడున్నాయి?” అని అడిగాను.

అప్పలసూరి విసుక్కుంటూనే బీరువాలోంచి తీయించాడు. కొత్త తోలు బూట్లు. అడుగున ఎర్రమట్టి గట్టిగా అంటుకుని ఉంది. గోటితో గీకాను. మట్టి కింద తోలు లేత పసుపులో శుభ్రంగా ఉంది.

“మీ బూటు ఓసారి ఎత్తండి” అన్నాను.

“ఏటీ?”

“ఎత్తండి, పోయేదేముంది.”

ఎత్తాడు. అడుగు, అంచులు కూడా కొండబాబు అరికాళ్ళలాగే ముదురు గోధుమరంగు.

“నిన్న మీరు వాళ్ళ హాలు దాటి పెరట్లోకి వెళ్ళారు. తుమ్మచెక్క మీ బూట్లకి అంటింది. నరసింగరావు బూట్లకి అంటలేదు. ఆయన ఆ హాలు దాటలేదు ఇన్స్పెక్టరుగారూ. మరి పెరట్లోకి ఎలా వెళ్ళాడు?”

కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పలసూరి కాలు దించి టోపీ పెట్టుకున్నాడు.

“పదండి, సూద్దాం. కుదరకపోతే మాత్రం సాయంత్రం బస్సుకి మిమ్మల్ని నేనే ఎక్కిస్తాను.”

* * *

సూరయ్య ఇల్లూ జగన్నాధం ఇల్లూ కవలపిల్లలు. పాతకాలపు ప్లీడరొకాయన ఇద్దరు కొడుకులకీ ఒకే మేస్త్రీతో ఒకేసారి కట్టించాడు. అవే దూలాలు, అదే గచ్చు, గదికి గది సమానం. కొడుకులు మద్రాసు వెళ్ళిపోతూ రెండేళ్ళ క్రితం రెండూ అమ్మేశారు. కుడివైపుది జగన్నాధం కొన్నాడు. ఎడమవైపుది చేపల వ్యాపారం చేసే సూరయ్య కొన్నాడు. ఇద్దరూ ఇచ్చింది ఒకే ధర, పద్దెనిమిది వేలు.

ఈ ఏడు సూరయ్య మరపడవ కొనడానికి ఇల్లు తనఖా పెట్టబోయాడు. ఇంటికి వెల కట్టేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్ళు ఎంతకి అమ్ముడుపోయాయో చూసి, వాటితో పోల్చి కడతారు. నరసింగరావు కూడా మూడిళ్ళతో పోల్చాడు. ఆ మూడూ ఏటి ఒడ్డున జాలారిపేటలో ఉన్న తాటాకు ఇళ్ళు. గోడ కలిసి ఉన్న పక్కిల్లు ఆ పోలికలో లేదు. దాంతో సూరయ్య మేడకి కట్టిన వెల ఏడు వేలు. ఇంటి గోడల్ని కాక లోపలున్న మనుషుల్ని చూసి కట్టిన వెల అది.

ఆదివారం సాయంత్రం నేను నరసింగరావు ఇంటికి వెళ్ళి, “పక్కిల్లు చూశారా?” అని ఒక్కటే అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. చెడ్డవాడు కాడు. “ఆ వీధిలో పెద్దమనిషిని అడిగాను. ఆ మూడిళ్ళూ ఆయనే చెప్పాడు. పేరు అడక్కండి” అన్నాడు. మళ్ళీ తనే, “రేపు మళ్ళీ వస్తాను. ఈసారి లోపలికి వెళ్ళి కొలుస్తాను” అన్నాడు. గుమ్మందాకా వచ్చి నా గొడుగు తానే అందించాడు.

ఆ రాత్రి నేను జగన్నాధం ఇంట్లో భోంచేసి, అక్కడే పడుకుని, తెల్లారి చీపురుపల్లి వెళ్ళిపోయాను. కబురు తెలిసి వెనక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇంటి అరుగు మీద సూరయ్య భార్య లక్ష్మణమ్మ కూర్చుని ఉంది. పోలీసుని చూసి లేచి పక్కకి జరిగింది. కట్టుకున్న చీర చెంగుకి ఎండిన నెత్తురు.

“చూసినారా? సాక్ష్యం వంటి మీదే ఉన్నాది” అన్నాడు అప్పలసూరి.

“ఈ సెంగు నానే ఆయన తల కింద పెట్టినాను బాబూ. దాయాలనుంటే మార్సుకుందును గదా.”

“నరసింగరావు ఈ గుమ్మంలోంచి లోపలికి వచ్చాడా?” అని అడిగాను.

“రానేదు. నిన్నా రానేదు, పోయిన నెలా రానేదు. అప్పుడు అరుగు మీద తువ్వాలు పరుసుకుని కూకుని, ఇక్కడ్నించే లోపలికి సూసి రాసుకుని ఎల్లిపోనాడు. మజ్జిగిస్తే వొద్దన్నాడు.” ఆమె చెంగు ముడుచుకుంది. “నిన్న నాను తడిగుడ్డతో పెదాలకి నీళ్ళు అద్దినాను. కాదనడానికి ఆ బాబుకి తెలివి నేదు.”

అప్పలసూరి ఆ చెంగు కేసి ఇంకోసారి చూశాడు.

“ఈ సంగతిలో మీకెవరైనా సాయం చేశారా అమ్మా?”

“జగన్నాదం బాబు ఒక్కడే. దేవుడు. కళ్ళబడింది సెప్పినాడు, ఆయన్నేటంటాం? రేటు తక్కువ కట్టినారని మా ఆయన ఏడుస్తంటే, ‘సూరయ్యా, అప్పు పుట్టకపోతే బెంగపడకు, బ్యాంకు కట్టిన ధరకే నేను కొంటాను, పడవకి బయానా పోకుండా సూసుకో. పేటలో నీవోళ్ళ మద్దెన సుకంగా ఉండొచ్చు’ అన్నాడు. పరాయోడెవడంటాడు బాబూ అలాటి మాట?”

అరుగు మీదినించే పక్కింటి గుమ్మం వైపు చూశాను.

“ఎప్పుడన్నాడు?”

“ఆఫీసరు బాబు మొదటిపాలి వొచ్చెల్లిన మర్నాడే.”

మదింపు ఎంతయిందో బ్యాంకు సూరయ్యకి చెప్పింది ఆ తరవాత వారానికి గాని కాదు. రేటు తక్కువ కట్టారన్న సంగతి మర్నాటికే ఎవరు చెబితే తెలిసిందని అడిగాను.

“ఆయనే సెప్పినాడు బాబూ. ముందే తెలిస్తే మంచిదని.”

హాలులో వేలాడుతున్న వలల కింద వంగి పెరట్లోకి నడిచాను. అప్పలసూరి ఈసారి గోడ వారగా, బూట్లు చూసుకుంటూ వచ్చాడు.

నుయ్యి కూడా ఇద్దరు కొడుకులకీ ఒక్కటే. పెరడుని రెండు చేస్తున్న గోడ సరిగ్గా నూతి మధ్యనించి పోతుంది. సగం ఇటు, సగం అటు. ఇటొక గిలక, అటొక గిలక. నూతికి నాలుగు బారల దూరంలో గోడలో చిన్న తలుపు ఉంది. అన్నదమ్ములు మసలుకోవడానికి పెట్టుకున్నది. తోసి చూశాను. గడియ అవతలి వైపు ఉంది. తలుపు కింద గడప మీద మాత్రం ఎర్రమట్టి అడుగు ఒకటి ఎండిపోయి ఉంది. బూటు అడుగు. మడమ ఇటు కాదు, అటు. అక్కడినించి ఇక్కడికి వచ్చిన అడుగు.

“ఇన్స్పెక్టరుగారూ, మీ సాక్షి ఏమన్నాడో మళ్ళీ చెప్పండి.”

“స్తానానికి నూతిలో నీళ్ళు తోడుకుంటన్నాడు. కేక వినబడింది. గోడ మీంచి సూస్తే కుర్రోడు బొక్కెనతో కొడతన్నాడు.”

నూతి గట్టు ఎక్కి, గోడ పట్టుకుని అవతలికి చూశాను. ఇవతల సూరయ్య గిలక నూనె రాసి నల్లగా మెరుస్తోంది. అవతలి గిలకకి చేంతాడు లేదు. చక్రం తుప్పుపట్టి ఎర్రబడింది. చక్రానికీ దూలానికీ మధ్య గడ్డి, పీచు, ఎవరిదో చీర అంచు దారం. పిచ్చిక గూడు. నా తల చూసి తల్లిపిచ్చిక ఎగిరి గోడ మీద వాలింది. లోపల పిల్లలు గోల మొదలుపెట్టాయి. ఆ మూలన అంత నిశ్చింతగా కాపురం పెట్టుకోవాలంటే దాని జోలికి ఎవరూ పోకుండా ఎన్నాళ్ళయి ఉండాలి?

“ఏటన్నయ్యా, గోడెక్కినావు! పడితే ఎవుడు ఎత్తుతాడు?”

జగన్నాధం భార్య సుభద్రమ్మ అవతలి పెరట్లో బియ్యం చేటతో నిలబడి ఉంది. నన్ను ఎప్పుడూ అన్నయ్యా అనే పిలుస్తుంది. అప్పలసూరిని నోటి మీద వేలుంచుకుని గోడ చాటున ఉండమని సైగ చేశాను. నా జీవితంలో అంత నీచమైన సైగ ఇంకోటి చేసిన గుర్తు లేదు.

“దాహంగా ఉందమ్మా. ఈ నూతిలోంచి చెంబుడు నీళ్ళు తోడిపెడుదూ.”

“సీ! ఆ నీళ్ళా?” చేట మీద బియ్యం ఎగిరిపడ్డాయి. “ఉండు, కుండలో ఏటినీళ్ళున్నాయి, తెస్తాను. ఆళ్ళు పక్కింట్లో దిగిన రోజే మీ స్నేయితుడు మా పక్క చేంతాడు విప్పించేసినారు. నూకయ్య రోజూ నాగావళి నించి కావిడితో తెస్తాడు. తాగడానికీ అవే, స్తానానికీ అవే.”

“జగన్నాధం స్నానానికి కూడానా? నాతో ఎప్పుడూ ‘వాళ్ళూ మేమూ ఒకే నూతి నీళ్ళు తాగుతున్నాం’ అంటాడే.”

“ఆయన నలుగుర్లో అలాగే అంటారు. పైకి అనాలి కదా అన్నయ్యా. మా ఇంట్లో ఆ నూతి సుక్క ముట్టిన పాపాన పోయినవోళ్ళు లేరు. నిన్నయినా మొన్నయినా.”

ఎంత గర్వంగా చెప్పింది! మడి దక్కించుకున్న మనిషిలా నవ్వింది.

అప్పలసూరి గోడ చాటునించి లేచాడు. అతన్ని చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

“అమ్మా,” అన్నాను, “ఈ చిన్న తలుపు గడియ నిన్న పొద్దున్న ఎవరు తీశారు?”

“ఆయనే. ఆఫీసరు గారు కాఫీ తాగి, పక్కిల్లు కొలవాలంటే, ఈదిలోంచి ఎందుకు, ఇలా దగ్గరని…” అంతవరకూ వచ్చి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి, ‘అన్నయ్యా, నాచేత ఏం చెప్పించావు’ అన్నట్టు.

నూతి గట్టు దిగబోయాను. అప్పలసూరి చెయ్యి అందించాడు. అంతవరకూ నాకు ఎన్నడూ అందించని చెయ్యి.

“నీళ్ళు తోడుకుంటన్నాను అనకుండా, ఊరికే పెరట్లో తిరుగుతన్నాను అనుంటే సరిపోవును గదండీ” అన్నాడు మెల్లిగా. “దొరికేవాడు కాదు.”

“ఒకే నూతి నీళ్ళు అన్న మాట వాడు ఊరంతా చెప్పి చెప్పి వాడే నమ్మేశాడు. అందుకని నోటికి అదే వచ్చింది.”

లెక్కంతా తేలిపోయింది. పేటలోని మూడిళ్ళ పేర్లు చెప్పిన పెద్దమనిషి జగన్నాధం. మేడని ఏడు వేలకి కొని, గోడ పడగొట్టి, జాలరివాళ్ళని వీధిలోంచి పంపేద్దామనుకున్నవాడు జగన్నాధం. నరసింగరావు మనసు మార్చుకుని మళ్ళీ కొలిచి రాస్తే అదంతా పోతుంది. పోలిక చూడ్డానికి మొట్టమొదట వాడి ఇంటినే చూస్తాడు. అందుకే ఆయన్ని ఈ తలుపులోంచి తీసుకొచ్చి, వెనకనించి తల మీద కొట్టి, అవతల గడియ వేసుకుని, గోడ మీంచి కేకేశాడు.

“నిన్న ఆఫీసరు వస్తాడని జగన్నాధంగారికి ఎవరు సెప్పినారు?” అని అడిగాడు అప్పలసూరి.

“నేనే. ఆదివారం రాత్రి, అన్నం తింటూ. ‘ఒరే, సూరయ్యకి న్యాయం జరగబోతోందిరా’ అని చెప్పాను. వాడు నాకు ఇంకో గరిటెడు పులుసు వేశాడు.”

అప్పలసూరి నన్ను వెక్కిరించడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. వెక్కిరించలేదు. టోపీ సర్దుకుని, “పదండి, ఆ మనిషిని పట్టుకుందాం. ఎక్కడున్నాడు?” అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పొద్దున్న ఆస్పత్రిలో నరసింగరావు భార్య రాత్రంతా నిద్ర లేక గోడకి చేరబడి ఉంది. ఎవరైనా నమ్మకమైన మనిషి కూర్చుంటే ఆమె ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చొచ్చని నాకే అనిపించింది. పరాయివాళ్ళెవర్నీ రానివ్వొద్దని చెప్పి, మంచం పక్కన ఆ నమ్మకమైన మనిషిని నేనే చేతులారా కూర్చోబెట్టి వచ్చాను.

“ఆస్పత్రిలో,” అన్నాను. “నరసింగరావు దగ్గర. నేనే కూర్చోబెట్టాను.”

* * *

జీపు వీధి మలుపు తిరుగుతుంటే లక్ష్మణమ్మ అరుగు మీద లేచి నిలబడి చూస్తోంది. చేతులు జోడించింది, అంతే.

ఆస్పత్రి వరండాలో నర్సు మా పరుగు చూసి నవ్వుతూ ఎదురొచ్చింది.

“కంగారు పడకండి సార్, మంచి మాటే. ఇప్పుడే కళ్ళు తెరిచారు. మంచినీళ్ళు అడిగారు. నేను తెస్తానంటే పక్కన కూర్చున్న మీ స్నేహితుడు, ‘నువ్వు పొద్దుట్నించీ తిరుగుతున్నావు, కాసేపు కూర్చో తల్లీ, నేను తాగిస్తాను’ అన్నారు. ఎంత మంచాయనో.”

చివరి గది. తలుపు మూసి ఉంది. అప్పలసూరి తోశాడు. రాలేదు. లోపల గడియ వేసి ఉంది.

“ఎవరది?” జగన్నాధం గొంతు. అదే గొంతు, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నప్పటి గొంతు. తొందర లేదు.

“నేనేరా.”

“సన్యాసీ, నువ్వా! ఒక్క నిమిషం ఆగరా. నీళ్ళు తాగుతున్నాడు పాపం. తాగనీ.”

అప్పలసూరి భుజం తలుపుకి ఆనించి నా వైపు చూశాడు. లోపల మంచం కోడు నేల మీద కీచుమని జరిగింది. ఇంకెవరిదో, గొంతులో నీళ్ళు అడ్డుపడ్డట్టు, మూలుగు.

“జగన్నాధం,” అన్నాను. అరవాలనుకున్నాను గాని మాట మామూలుగానే వచ్చింది. “మీ వైపు గిలకలో పిచ్చిక గూడు కట్టుకుందిరా.”

లోపల అన్ని చప్పుళ్ళూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ తరవాత గ్లాసు నేల మీద పడి దొర్లింది, నరసింగరావు దగ్గు వినబడింది, మా కాళ్ళ దగ్గర, తలుపు సందులోంచి నీళ్ళు సన్నగా బయటికి రావడం మొదలైంది.

“పగలగొట్టండి!” అన్నాను. అప్పలసూరి తలుపు మీద పడ్డాడు.